కరెంటు కేంద్రానికి కరెంటు ఎవరిస్తారు? ఫ్యాక్టోరియోలో విద్యుత్ ఏర్పాటుపై ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ఫ్యాక్టోరియో అనే ఆటలో విద్యుత్తును ఏర్పాటు చేసుకునే పద్ధతి గురించి. ప్రాగ్ నగరంలోని వూబె సాఫ్ట్‌వేర్ సంస్థ తయారు చేసిన ఈ ఆట 2020 ఆగస్టులో పూర్తి రూపంలో విడుదలైంది. 2024 అక్టోబరులో 2.0 కూర్పూ, దానితో పాటే స్పేస్ ఏజ్ అనే విస్తరణా వచ్చాయి. ఇంకా ఆడనివారి కోసం ఒక్క మాట చెబుతాను. నౌవిస్ అనే గ్రహం మీద చిక్కుకుపోయిన ఒక ఇంజనీరు, చేతులతో రాళ్ళు ఏరుకోవడంతో మొదలుపెట్టి, ఇనుము, రాగి, బొగ్గు తవ్వించి, కన్వేయర్ బెల్టుల మీద పారించి, యంత్రాల చేత యంత్రాలను చేయించి, చివరికి రాకెట్టును ఆకాశంలోకి పంపే దాకా సాగే నిర్మాణమే ఈ ఆట. ఆ నిర్మాణమంతా కరెంటు మీద నిలబడి ఉంటుంది.

ఈ ఆట గురించి కలుసుకున్న ప్రతిసారీ కుర్రవాళ్ళు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "ఎన్ని మెగావాట్లు పెట్టుకోవాలి?" అది న్యాయమైన ప్రశ్నే, కాదనను. కానీ దానికన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. మీ విద్యుత్ కేంద్రం ఒకసారి పూర్తిగా ఆగిపోతే, మీరు చేయి పెట్టకుండా, తనంతట తాను మళ్ళీ లేవగలదా? లేవలేకపోతే అది ఎన్ని మెగావాట్లదైనా బలహీనమైన కేంద్రమే. విద్యుత్తును తయారు చేసే ఏర్పాటు, తాను తయారు చేసే విద్యుత్తు మీద ఆధారపడకూడదు. నేను చెప్పదలచుకున్నది ఇదే, ఇక మీదట చెప్పేదంతా దీని వివరణే.

ముందు మామూలు లెక్క చూద్దాం, త్వరగా ముగిద్దాం. నీటి ఒడ్డున ఒక ఆఫ్‌షోర్ పంపు, దాని వెనక బాయిలర్లు, ఒక్కో బాయిలర్‌కు రెండేసి స్టీమ్ ఇంజన్లు. బాయిలర్ శక్తి 1.8 మెగావాట్లు, ఇంజన్ శక్తి 900 కిలోవాట్లు కాబట్టి, ఒకటికి రెండు అన్న నిష్పత్తి సరిగ్గా కుదురుతుంది. పాత కూర్పులలో ఒక పంపు 20 బాయిలర్లకూ 40 ఇంజన్లకూ సరిపోయేది. 2.0లో ఒక వంతు నీటికి పది వంతుల ఆవిరి వచ్చేలా మార్చారు కాబట్టి, ఇప్పుడు అదే పంపు 200 బాయిలర్లకూ 400 ఇంజన్లకూ సరిపోతుంది. నేను మాత్రం ఈ రోజు పాత లెక్కలోని 20 బాయిలర్ల కేంద్రాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాను, ఎందుకంటే మధ్యస్థాయి స్థావరానికి, అంటే ఆటలో మనం కట్టుకున్న ఫ్యాక్టరీకి, అది తగిన పరిమాణం. 20 బాయిలర్లు, 40 ఇంజన్లు, మొత్తం 36 మెగావాట్లు. ఇంత వరకూ అందరికీ తెలిసిందే.

ఇప్పుడు బొగ్గు దగ్గరికి వద్దాం. అసలు కథ అక్కడే ఉంది. ఒక బొగ్గు గడ్డలో 4 మెగాజౌళ్ళ శక్తి ఉంటుంది. 36 మెగావాట్లు నిరంతరంగా రావాలంటే సెకనుకు 9 గడ్డలు కావాలి. ఒక ఎలక్ట్రిక్ డ్రిల్లు సెకనుకు అర గడ్డ తవ్వుతుంది, అంటే 18 డ్రిల్లులు కావాలి. ఆ డ్రిల్లులు దేనితో నడుస్తాయి? కరెంటుతో. ఆ కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? ఆ బొగ్గు నుంచే. ఈ వలయాన్ని గమనించండి. మనలో చాలామంది దీన్ని గమనించకుండానే గంటల తరబడి ఆడుతూ ఉంటాము, ఎందుకంటే కరెంటు మిగులు ఉన్నంత కాలం ఈ వలయం కనబడదు.

ఎప్పుడు కనబడుతుంది? స్థావరం పెరిగి, వాడకం 36 నుంచి 45 మెగావాట్లకు చేరిందనుకోండి. తెర మీద రాసి చూపిస్తాను, వెనక వరుసలో ఉన్నవారికి కనబడుతోందా? సరే. ఈ ఆటలో కరెంటు చాలనప్పుడు ఏ యంత్రమూ పూర్తిగా ఆగిపోదు. ఉన్న కరెంటు అన్నింటికీ ఒకే నిష్పత్తిలో పంపకమవుతుంది. 45 కావలసిన చోట 36 ఉంది కాబట్టి ప్రతి యంత్రమూ 80 శాతం వేగంతో నడుస్తుంది. 20 శాతమే కదా తగ్గింది, పరవాలేదు అనిపిస్తుంది. కానీ ప్రతి యంత్రమూ అన్నప్పుడు అందులో బొగ్గు డ్రిల్లులు కూడా ఉన్నాయి. అవి 80 శాతం వేగంతో తవ్వితే వచ్చేది సెకనుకు 7.2 గడ్డలు. ఆ బొగ్గుతో పుట్టేది 28.8 మెగావాట్లు. 45లో 28.8 అంటే 64 శాతం. ఇప్పుడు డ్రిల్లులు 64 శాతానికి పడిపోయాయి. వచ్చే బొగ్గు 5.76, పుట్టే కరెంటు 23 మెగావాట్లు, అందరికీ అందేది 51 శాతం. ఆ తరువాత 41. ఆ తరువాత 33. ఎక్కడ ఆగుతుంది? ఎక్కడా ఆగదు. తొమ్మిది మెగావాట్ల కొరతతో మొదలైనది మొత్తం చీకటితో ముగుస్తుంది.

ఇది జరుగుతున్నప్పుడు మనకు ఎందుకు తెలియదు? బెల్టు మీద అప్పటికే పేరుకొని ఉన్న బొగ్గు, బాయిలర్లలో నిలవ ఉన్న బొగ్గు కలిసి పతనాన్ని కొన్ని నిమిషాలు కప్పిపెడతాయి. బెల్టులకు కరెంటు అక్కరలేదు, అవి ఎప్పటిలాగే కదులుతూ ఉంటాయి, కాబట్టి పైనుంచి చూస్తే అంతా మామూలుగానే కనిపిస్తుంది. అందుకే కరెంటు స్తంభం మీద నొక్కితే తెరుచుకునే కిటికీని చదవడం నేర్చుకోవాలని నేను మరీ మరీ చెబుతాను. అందులో మొదటి గీత, అడిగిన కరెంటులో ఎంత అందుతోందో చూపిస్తుంది. రెండో గీత, మన కేంద్రం తన పూర్తి శక్తిలో ఎంత వాడుతోందో చూపిస్తుంది. కొత్తవారు మొదటి గీతను చూసి, అది నిండుగా ఆకుపచ్చగా ఉందని నిశ్చింతగా ఉంటారు. చూడవలసింది రెండో గీత. మొదటి గీత తగ్గడం మొదలయ్యేసరికి ప్రమాదం వచ్చేసినట్టే. రెండో గీత నిండిపోతున్నప్పుడు మాత్రం ప్రమాదం ఇంకా దారిలో ఉంటుంది, మనకు వ్యవధి ఉంటుంది.

మరి దీనికి విరుగుడు ఏమిటి? చాలామంది చెప్పేది, ఇంకా బాయిలర్లు పెట్టమని. అది కొరతను వాయిదా వేస్తుంది గానీ వలయాన్ని తెంచదు. వలయాన్ని తెంచాలంటే ముందు ఎంత కరెంటు ఆ వలయంలో తిరుగుతోందో లెక్క కట్టాలి. ఒక డ్రిల్లు వాడకం 90 కిలోవాట్లు. 18 డ్రిల్లులకు 1.62 మెగావాట్లు. అంతే! 36 మెగావాట్ల కేంద్రంలో నాలుగున్నర శాతం. ఆ నాలుగున్నర శాతానికి రక్షణ లేకపోవడం వల్ల మిగతా తొంభై అయిదున్నర శాతం కూలిపోతోంది. రైతు ఎంత కరువు వచ్చినా విత్తనపు గింజల జోలికి పోడు, వాటిని వేరే గాదెలో దాచి ఉంచుతాడు. మనం చేస్తున్నదేమిటి? విత్తనాలనూ తిండిగింజలనూ ఒకే గాదెలో పోసి, ఇంటికి వచ్చిన ప్రతివారికీ అందులోంచే కొలిచి పెడుతున్నాము.

కాబట్టి వేరే గాదె కట్టాలి. ఇరవై బాయిలర్లతో పాటు ఇరవై ఒకటో బాయిలర్ ఒకటి, దానికి రెండు ఇంజన్లు పెట్టండి. వాటి కరెంటు బొగ్గు డ్రిల్లులకు తప్ప మరి దేనికీ పోకూడదు. లెక్క సరిచూద్దాం. 21 బాయిలర్లకు సెకనుకు 9.45 గడ్డల బొగ్గు కావాలి, అందుకు 19 డ్రిల్లులు చాలు, వాటి వాడకం 1.71 మెగావాట్లు. ఇరవై ఒకటో బాయిలర్ ఇచ్చేది 1.8 మెగావాట్లు. చాలినంత ఉంది, కొంచెం మిగులు కూడా ఉంది. ఈ లెక్క ఇంత చక్కగా కుదరడం చూసినప్పుడల్లా నాకు ఆనందం కలుగుతుంది. ఇక స్థావరంలో వాడకం 45 మెగావాట్లకు కాదు, 90కి చేరినా సరే, బొగ్గు మాత్రం పూర్తి వేగంతో వస్తూనే ఉంటుంది. స్థావరం నెమ్మదిస్తుందే గానీ కూలిపోదు. నెమ్మదించిన స్థావరాన్ని తీరికగా బాగు చేసుకోవచ్చు.

ఆ ఇరవై ఒకటో బాయిలర్‌ను ఎక్కడ పెట్టాలి? బొగ్గు బెల్టు కేంద్రంలోకి ప్రవేశించే చోట, అన్నింటికన్నా ముందు పెట్టాలి. బొగ్గు తక్కువగా వచ్చిన రోజున తొలి గడ్డ దానికే అందాలి. వరసలో చివర పెడితే ముందున్న ఇరవై బాయిలర్లు తిన్నాకే దాని వంతు వస్తుంది, అప్పుడు ఈ శ్రమంతా వృథా అవుతుంది.

బాయిలర్లలోకి బొగ్గు వేసే యంత్రపు చేతుల, అంటే ఇన్‌సర్టర్ల, సంగతి కూడా చెప్పాలి. కరెంటుతో నడిచే ఇన్‌సర్టరు చురుకైనది, చూడముచ్చటగా ఉంటుంది. బర్నర్ ఇన్‌సర్టరు మందకొడి, ఆట మొదటి అరగంటలో తప్ప దాన్ని ఎవరూ ఇష్టపడరు. కానీ బాయిలర్ దగ్గర దానికి మించినది లేదని నేను గట్టిగా నమ్ముతాను. తన చేతిలో నుంచి వెళ్ళే బొగ్గులోనే తనకు కావలసినది తీసుకుంటుంది, కరెంటు అడగదు, పని లేనప్పుడు ఇంధనం ఖర్చు చేయదు. బాయిలర్‌కు కావలసినది సెకనుకు అర గడ్డ కన్నా తక్కువే కాబట్టి దాని వేగం చాలు. కరెంటు పోయిన క్షణాన కరెంటుతో నడిచే ఇన్‌సర్టర్ల చేతులు బొగ్గు పట్టుకొని గాలిలో నిలిచిపోతాయి. ఎదురుగా బెల్టు మీద బొగ్గు ఉంటుంది, వెనక ఖాళీ బాయిలర్ ఉంటుంది, మధ్యలో కదలని చేయి ఉంటుంది. బర్నర్ ఇన్‌సర్టరుకు ఆ పరిస్థితి రాదు.

రెండు కరెంటు వలయాలను, అంటే డ్రిల్లుల తీగలనూ స్థావరం తీగలనూ, వేరుగా ఉంచడంలో ఒక సూక్ష్మం ఉంది, దయచేసి శ్రద్ధగా వినండి. కొత్త స్తంభం నాటగానే అది పక్కనున్న స్తంభాలకు తానే తీగ కలుపుకుంటుంది. కాబట్టి డ్రిల్లుల వలయానికి స్తంభాలు నాటేటప్పుడు, పెద్ద వలయానికి కలిసిన తీగలను తీసేయాలి. అది చేసిన తరువాత కూడా తప్పు జరిగే అవకాశముంది. స్తంభానికి తీగ వేరు, అది కరెంటు అందించే పరిధి వేరు. చిన్న స్తంభం పరిధి అయిదు గళ్ళకు అయిదు గళ్ళు, మధ్యరకం స్తంభానిది ఏడుకు ఏడు. ఒక యంత్రం రెండు వలయాల స్తంభాల పరిధిలోనూ పడితే అది రెండింటి నుంచీ కరెంటు తీసుకుంటుంది. ఇంజను అలా పడితే రెండింటికీ కరెంటు ఇస్తుంది. తీగలు కలవకపోయినా, అంచున ఉన్న ఒక్క ఇంజను వల్ల మనం దాచుకున్న కరెంటు స్థావరంలోకి కారిపోతూ ఉంటుంది. అందుకే ఆ రెండు ఇంజన్లనూ మిగతా నలభై ఇంజన్లకు నాలుగడుగులు ఎడంగా కట్టమంటాను.

ఇదంతా ఆటలోని చోద్యమేనా, నిజంగా కూడా ఇలాగే ఉంటుందా అని మీలో కొందరికి అనిపించవచ్చు. బొగ్గుతో నడిచే ఏ థర్మల్ కేంద్రమైనా, బొగ్గును పొడి చేసే మిల్లులకూ, గాలి ఊదే ఫ్యాన్లకూ, బాయిలర్‌లోకి నీటిని తోసే పంపులకూ తన ఉత్పత్తిలో కొంత భాగాన్ని తానే వాడుకుంటుంది. గ్రిడ్ మొత్తం కుప్పకూలినప్పుడు అలాంటి కేంద్రం తనంతట తాను మొదలు కాలేదు. బయటి నుంచి కరెంటు తెచ్చి దాన్ని లేపాలి. ఆ తొలి కరెంటుకు సాధారణంగా జల విద్యుత్ కేంద్రాలను ఆశ్రయిస్తారు, ఎందుకంటే గేటు ఎత్తితే నీరు దానంతట అదే దిగుతుంది. 2012 జులై 30, 31 తేదీలలో ఉత్తర భారతం చీకటిలో మునిగింది. రెండో రోజున ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కూలిపోయాయి. మనకు ఎందుకు పోలేదు? అప్పటికి దక్షిణాది గ్రిడ్, మిగతా దేశంతో నేరుగా ఏసీ తీగలతో ముడిపడి లేదు. విశాఖ గాజువాకలో ఉన్నటువంటి డీసీ అనుసంధానాల ద్వారానే అటూ ఇటూ కరెంటు మారేది. ఆ కుదుపు మన దాకా రాలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–సోలాపూర్ లైనుతో మనమూ ఒకే గ్రిడ్‌లో కలిశాము. కలవడం వల్ల లాభాలు చాలా ఉన్నాయి, నేను దానికి వ్యతిరేకిని కాను. ఎక్కడ కలపాలి, ఎక్కడ వేరుగా ఉంచాలి అన్నది తెలిసి చేయవలసిన నిర్ణయమని మాత్రమే అంటున్నాను.

ఇక సౌర విద్యుత్తు. ఆటలో ఒక పగలూ రాత్రీ కలిపి సుమారు ఏడు నిమిషాలు. అందులో సగం కాలం పూర్తి ఎండ, సాయంత్రం అయిదో వంతు, తెల్లవారుజాము అయిదో వంతు, కటిక చీకటి పదో వంతు. 60 కిలోవాట్ల ప్యానెల్ సగటున ఇచ్చేది 42 కిలోవాట్లు. రాత్రికి నిలవ చేసుకోవడానికి ప్రతి 25 ప్యానెళ్ళకు 21 అక్యుమ్యులేటర్లు, అంటే బ్యాటరీలు, కావాలి. మన 36 మెగావాట్లకు 857 ప్యానెళ్ళు, 720 అక్యుమ్యులేటర్లు అవుతాయి. ఆవిరి కేంద్రంలో బాయిలర్లూ ఇంజన్లూ కలిసి ఆక్రమించేది 720 గళ్ళయితే, ఇవి పది వేల గళ్ళకు పైగా ఆక్రమిస్తాయి. స్థలం ఉన్నవారికి ఇది నిశ్చింత. బొగ్గు లేదు, పొగ లేదు, ఆగిపోయినా తెల్లవారితే తనంతట తానే లేస్తుంది.

అయితే సౌరమూ ఆవిరీ కలిపి వాడేవారు ఒక నియమం తెలుసుకోవాలి. ఆటలో ముందు సోలార్ వాడబడుతుంది, తరువాత ఆవిరి, ఆవిరి కూడా చాలకపోతేనే అక్యుమ్యులేటర్లు. అంటే పగలంతా నింపుకున్న అక్యుమ్యులేటర్లు రాత్రి నిండుగానే కూర్చుంటాయి, బొగ్గు మండుతూ ఉంటుంది. దీన్ని తిప్పాలంటే ఆవిరి కేంద్రానికీ స్థావరానికీ మధ్య ఒక పవర్ స్విచ్ పెట్టి, ఒక అక్యుమ్యులేటరు నుంచి దానికి సంకేతాలు మోసే సర్క్యూట్ తీగ లాగి, నిలవ 20 శాతం కన్నా తగ్గితేనే స్విచ్ కలవాలని షరతు పెట్టాలి. కొందరు ఇంకాస్త ముందుకు వెళ్ళి, 20 దగ్గర కలిసి 80 దగ్గర విడిపోయేలా, సంకేతాలను లెక్కకట్టే కాంబినేటర్ అనే పరికరాన్ని పెడతారు. మంచి ఆలోచనే. కానీ ఆ కాంబినేటర్ కూడా కరెంటుతోనే నడుస్తుంది! దాన్ని స్విచ్‌కు ఏ వైపు పెట్టారు? స్థావరం వైపు పెడితే, అక్కడ నిలవ పూర్తిగా అయిపోయిన రాత్రి కాంబినేటరే ఆగిపోతుంది, ఆవిరి సిద్ధంగా ఉన్నా స్విచ్ కలవదు. ఆవిరి వైపు పెట్టండి. నేరుగా స్విచ్‌కే షరతు పెడితే ఈ చిక్కే లేదు, ఎందుకంటే పవర్ స్విచ్‌కు కరెంటు అవసరం లేదు.

అణు విద్యుత్తు గురించి కొద్దిగానే చెబుతాను. నాలుగు రియాక్టర్లను రెండు వరసలుగా ఆనించి కడితే, పొరుగు రియాక్టర్ల వల్ల వచ్చే అదనపు లాభంతో 480 మెగావాట్లు వస్తాయి, వాటికి 48 హీట్ ఎక్స్ఛేంజర్లు, 83 టర్బైన్లు కావాలి. ఇంధనపు కడ్డీ ఒకటి 200 సెకన్లు మండుతుంది, వాడకం ఉన్నా లేకపోయినా మండుతుంది. 2.0లో రియాక్టర్ ఉష్ణోగ్రతను సర్క్యూట్‌తో చదవవచ్చు కాబట్టి, వేడి తగ్గినప్పుడే కొత్త కడ్డీ వేసేలా ఇన్‌సర్టరుకు షరతు పెట్టుకోవడం ఉత్తమం. ఇక్కడ బర్నర్ ఇన్‌సర్టరు అంతగా అక్కరకు రాదు, అణు ఇంధనాన్ని అది తన కోసం కాల్చుకోలేదు. మరి 480 మెగావాట్లు ఆ నాలుగు ఇన్‌సర్టర్ల చేతిలోనే ఉన్నాయి కదా, వాటికి కరెంటు ఎవరిస్తారు? కడ్డీలు వేసే నాలుగూ, వాడేసిన కడ్డీలు తీసే నాలుగూ కలిపి వాడేది 110 కిలోవాట్ల లోపే. మూడు సోలార్ ప్యానెళ్ళు, మూడు అక్యుమ్యులేటర్లు వేరే వలయంగా పెడితే సరిపోతుంది. అంత పెద్ద కేంద్రానికి అంత చిన్న రక్షణ చాలు, అయినా అది లేని అణు కేంద్రాలే ఎక్కువగా చూస్తున్నాను.

ఆటలో మన మీద దాడి చేసే పురుగులైన బైటర్ల విషయం మరిచిపోకూడదు. ఒక్కో బాయిలర్ నిమిషానికి 30 వంతుల కాలుష్యం వదులుతుంది, డ్రిల్లులు తలా పది వదులుతాయి. ఆ పొగ గూళ్ళ దాకా పాకితే దాడులు బొగ్గు గని మీదికీ కేంద్రం మీదికీ వస్తాయి. చాలామంది అక్కడ లేజర్ టరెట్లు, అంటే వాటంతట అవే కాల్చే కాపలా యంత్రాలు, పెడతారు. లేజర్ టరెట్ కరెంటు లేకపోతే కాల్చదు, దాడి జరిగే వేళ కరెంటును విపరీతంగా లాగుతుంది. కొరత ఉన్న వేళ దాడి వస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. స్థావరం చుట్టూ లేజర్లు పెట్టుకోండి, కానీ బొగ్గు గని చుట్టూ, విద్యుత్ కేంద్రం చుట్టూ తూటాలతో పనిచేసే గన్ టరెట్లే ఉంచండి.

స్పేస్ ఏజ్‌లోని గ్రహాలలో ఈ ప్రశ్నే వేషం మార్చుకొని వస్తుంది. వల్కనస్‌లో ఎండ నాలుగింతలు కాబట్టి అక్కడ దిగులు లేదు. ఫుల్గోరాలో రాత్రిపూట పడే పిడుగులను పట్టి అక్యుమ్యులేటర్లలో నింపుకోవాలి. ఆక్విలోలో మాత్రం ఎండ ఒక్క శాతమే, పైగా వేడి గొట్టాలు పక్కన లేకపోతే యంత్రాలూ బెల్టులూ పైపులూ గడ్డకట్టి ఆగిపోతాయి. వేడి పోతే ఇంధనం కదలదు, ఇంధనం కదలకపోతే వేడి రాదు. అక్కడికి వెళ్ళే ముందు నౌవిస్‌లోనే ఈ అలవాటు చేసుకోండి అని నా మనవి.

చివరగా, మీ కేంద్రాన్ని పరీక్షించే పద్ధతి చెబుతాను. ముందు ఆటను సేవ్ చేసుకోండి. డ్రిల్లుల వలయానికి పది సోలార్ ప్యానెళ్ళు కూడా కలపండి. ఇప్పుడు గని దగ్గర బొగ్గు బెల్టులో ఒక ముక్క తీసేసి, మొత్తం చీకటి అయ్యే దాకా వేచి ఉండండి. పగటివేళ ఆ ముక్కను తిరిగి పెట్టి, ఇక దేనినీ ముట్టుకోకండి. పది ప్యానెళ్ళు పూర్తి ఎండలో ఇచ్చే 600 కిలోవాట్లతో 19 డ్రిల్లులు మూడో వంతు వేగంతో తిరగాలి, వచ్చిన బొగ్గు మొదట ఆ ఒంటరి బాయిలర్‌కు చేరాలి, దానితో డ్రిల్లులు పూర్తి వేగం అందుకోవాలి, ఆ తరువాత ఇరవై బాయిలర్లూ వరసగా అంటుకోవాలి. అలా జరగకపోతే ముందుగా చూడవలసినవి మూడు: ఆ ఒంటరి బాయిలర్ నిజంగా బెల్టు మొదట్లో ఉందా, దాని దగ్గర ఉన్నది బర్నర్ ఇన్‌సర్టరేనా, డ్రిల్లుల వరసలో చివరి స్తంభం పొరపాటున స్థావరం తీగకు కలిసి ఉందా. నా దగ్గరికి వచ్చిన ఫిర్యాదులలో ఎక్కువ భాగం ఆ మూడో దాని దగ్గరే తేలాయి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.